చిన్న దెబ్బకు లెక్క ఉందా?

డర్ట్ జంప్ సైకిల్ కొనబోయేవాడికి షాపులో ఎదురయ్యే మొదటి ప్రశ్న: అల్లాయ్ ఫ్రేమా, ఉక్కు ఫ్రేమా? ఇది ఊళ్లో తిరిగే గేర్ల సైకిల్ కాదు. పొట్టి ఫ్రేము, బాగా కిందికి దిగిపోయిన సీటు, 26 అంగుళాల చక్రాలు, ముందువైపు మాత్రమే షాకబ్జర్లు, చాలావాటికి ఒకటే గేరు. మట్టి దిబ్బ మీదికి వేగంగా ఎక్కి, గాలిలోకి లేచి, అవతలి దిబ్బ వాలు మీద దిగడమే దాని పని. ఇంకో పనికి అక్కరకు రాదు. మొయినాబాద్ దాటి చేవెళ్ల దారిన కనకమామిడి వైపు వెళ్తే కనిపించే ఎర్ర చెలక నేల ఇలాంటి దిబ్బలకు భలే కుదురుతుంది. నీళ్లు చల్లి పారతో అణిస్తే గట్టిపడుతుంది, ఎండితే దుమ్ము లేస్తుంది, వాన పడితే పని మళ్లీ మొదటికొస్తుంది. షాపు భాషలో అల్లాయ్ అంటే అల్యూమినియం. అది తీసుకుంటే అరకిలో దాకా బరువు కలిసొస్తుంది, తుప్పు బాధ ఉండదు. ఉక్కు అంటే ఇక్కడ మామూలు ఇనప గొట్టం కాదు, క్రోమియం, మాలిబ్డినం కలిపిన 4130 రకం. కాస్త బరువు, కాస్త సాగే గుణం, విరిగితే అతికించుకునే వీలు. మాట ఇక్కడితో ఆగితే ఇది కొనుగోలు వ్యవహారమే. కానీ ఈ రెండు లోహాల అసలు తేడా తూకంలో లేదు. పదే పదే పడే చిన్న దెబ్బను ఏది ఎలా భరిస్తుందన్న దాంట్లో ఉంది. ఆ తేడా, మన తత్వవేత్తలు రెండు వేల ఏళ్లుగా వాదించుకున్నా తెగని ఒక ప్రశ్నను తాకుతుంది. చిన్న పనికి ఫలం ఉంటుందా, లేక ఒక హద్దు దాటిన పనులకే ఉంటుందా?

ముందు లోహాల సంగతి. 19వ శతాబ్దం మధ్యలో ఐరోపాలో రైలు ఇరుసులు చెప్పాపెట్టకుండా విరిగేవి. 1842లో ఫ్రాన్సులో వెర్సాయి నుంచి వస్తున్న రైలు ఇంజను ఇరుసు విరిగి పదుల మంది చనిపోయారు. ఆ ఇరుసులేవీ మోయలేని బరువు మోసి విరిగినవి కావు. మోయగలిగిన బరువునే లక్షల సార్లు మోసి విరిగాయి. ప్రష్యా రైల్వేలో ఇంజనీరుగా పనిచేసిన ఆగస్ట్ వోలర్ ఏళ్ల తరబడి ఇరుసులను తిప్పి, వంచి, లెక్క కట్టి ఒక విషయం తేల్చాడు. లోహం కూడా అలసిపోతుంది. అయితే ఇనుము, ఉక్కు విషయంలో ఒక ఊరట ఉంది. ఒత్తిడి ఒక హద్దుకు కిందే ఉంటే, పది లక్షలో కోటో సార్లు పడ్డాక ఇక లెక్కే ఉండదు. ఎన్నిసార్లు పడినా విరగదన్నారు. తర్వాత అల్యూమినియాన్ని పరీక్షిస్తే ఆ ఊరట దొరకలేదు. దానికి అలాంటి హద్దు లేదు. ఎంత చిన్న ఒత్తిడి పడినా ఎక్కడో జమ అవుతూనే ఉంటుంది. అందుకే సైకిళ్లలో ఎక్కువగా వాడే 6061 రకం అల్యూమినియం బలం చెప్పేటప్పుడు పుస్తకాలు ఒక షరతు పెడతాయి: సుమారు 97 మెగాపాస్కల్, అదీ 50 కోట్ల సార్ల వరకు. ఆ పైన మాట ఇవ్వరు. ఉక్కుకు ఆ షరతు రాయరు. ఒక లోహానికి క్షమించే హద్దు ఉంది, రెండోదానికి లేదు. కనీసం పాఠ్యపుస్తకం చెప్పేది ఇదే. దీని మీద పేచీ ఉంది, అక్కడికి వస్తాను.

మనుషుల నడవడిలో మనం ఎక్కువగా ఉక్కు సిద్ధాంతాన్నే నమ్ముతాం. నమ్ముతున్నామని కూడా తెలియకుండా నమ్ముతాం. కొలతలో గరిటెడు తక్కువ పోయడం, పిల్లాడితో ఫోన్లో ఇంట్లో లేనని చెప్పించడం, ఎదుటివాడి కులం మీద నవ్వుకుంటూ ఒక మాట విసరడం, వీటిని పాపాల పద్దులో రాసుకునేవాళ్లు అరుదు. ‘ఈ ఒక్కసారికి ఏం కాదులే’ అన్న మాటలో ఒక సిద్ధాంతమే దాగి ఉంది. హద్దుకు దిగువన జరిగేది ఎంత పోగైనా సున్నాయే అని దాని అర్థం. హత్య, దొంగతనం, ద్రోహం లాంటివి హద్దు దాటినవి కాబట్టి వాటికి లెక్క ఉంటుంది, మిగతావి గాలికి పోతాయి. ఈ నమ్మకం తప్పని నా వాదన. అయితే దాన్ని తిప్పికొట్టడానికి భయపెట్టే కర్మ సిద్ధాంతం అక్కర్లేదని కూడా అంటాను.

హద్దు లేదని అందరికంటే గట్టిగా చెప్పినవాళ్లు జైనులు. వాళ్ల మాటకు ఈ ప్రాంతం పరాయిది కాదు. కనకమామిడి ఉన్న మొయినాబాద్ మండలంలోనే ఎనికేపల్లిలో, చెరువు తూముకు వాడిన రాళ్లలో, తీర్థంకరుల బొమ్మలు చెక్కిన రెండు నిలువు స్తంభాలు ఉన్న సంగతి 2023లో పురావస్తు పరిశోధకుడు ఈమని శివనాగిరెడ్డి వెలుగులోకి తెచ్చారు. దాదాపు వెయ్యేళ్ల నాటివి. ఒకటి గ్రానైటు, ఇంకోటి నల్లరాయి. వాటి మీది తెలుగు–కన్నడ లిపి శాసనాలు చిలుకూరులో ఉండిన జైన బసదిని ప్రస్తావిస్తాయని ఆయన చెప్పారు. ఇవాళ బాలాజీ గుడితో పేరుపొందిన ఆ చిలుకూరే. బసది పోయింది, దాని రాళ్లు చెరువు నీళ్లను ఆపే పనిలో కుదిరిపోయాయి. అక్కడ కూర్చుని మునులు చదివి ఉండగల సిద్ధాంతం మాత్రం ఉమాస్వాతి తత్త్వార్థ సూత్రంలో నిక్కచ్చిగా ఉంది. శరీరం, మాట, మనసు, ఈ మూడింటిలో ఏది కదిలినా ఆ కదలికే కర్మ లోపలికి వచ్చే దారి. జైనులకు కర్మ ఒక ఉపమానం కాదు, న్యాయస్థానం తీర్పూ కాదు. అది సూక్ష్మమైన ద్రవ్యం, జీవుడికి నిజంగానే అంటుకునే పదార్థం. లెక్క రాసే చిత్రగుప్తుడు అక్కర్లేదు; అంటుకున్నదే లెక్క. లోహం అలసటకు ఇంతకంటే దగ్గరగా వచ్చిన తత్వం ఇంకోటి నాకు కనిపించదు. ఫ్రేముకు కూడా ఎవరూ శిక్ష వేయరు. పడిన దెబ్బ లోపల మిగిలి ఉంటుంది, అంతే.

ఇక్కడ తెలివైన పాఠకుడు అడ్డు తగులుతాడు, తగలాలి కూడా. గొట్టాల గుణం చూపించి ఆత్మ గురించి ఏం రుజువు చేస్తావు? ఏమీ చేయలేను. లోహం ఏ మతానికీ సాక్ష్యం చెప్పదు. అది చేసిపెట్టేది ఒక్కటే. హద్దు ఉండటం, లేకపోవడం రెండూ ఊహించదగినవేనని చూపిస్తుంది. కాబట్టి ‘చిన్నదానికి లెక్కేంటి’ అన్నది దానంతట అదే తేలిన నిజం కాదు, నిరూపించాల్సిన మాట. మరి నిరూపించాల్సిన భారం ఎవరిది? ఈ ప్రశ్నకు ఇదే గడ్డ మీద ఒక జవాబు వచ్చింది. 1996 మార్చిలో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 111 నంబరు జీవో ఇచ్చింది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల నుంచి 10 కిలోమీటర్ల లోపు, 84 గ్రామాల్లో, కాలుష్యం తెచ్చే పరిశ్రమలూ పెద్ద కట్టడాలూ వద్దంది. మొయినాబాద్ మండలంలోని ఊళ్లు చాలావరకు ఆ జాబితాలోవే. శంషాబాద్ మండలం పెద్దషాపూర్‌లో ఒక ఆముదం ఆధారిత రసాయనాల కర్మాగారం తనకు మినహాయింపు కావాలని పోరాడింది. అన్ని జాగ్రత్తలూ తీసుకుంటాం, మా ఒక్కరి వల్ల జలాశయానికి ఏమీ కాదన్నది దాని వాదన సారం. సుప్రీంకోర్టు 1999 జనవరిలో ఇచ్చిన తీర్పులో ముందుజాగ్రత్త సూత్రాన్ని ముందుకు తెచ్చింది. హాని లేదని చూపించాల్సిన బాధ్యత ఆ పని చేయదలచినవాడిదే, హాని ఉందని చూపించే బాధ్యత ఇతరులది కాదని చెప్పింది. 2000లో మినహాయింపును తోసిపుచ్చింది.

ఆ తీర్పులో న్యాయశాస్త్రం ఉంది, దానికి మించి ఒక తత్వం ఉంది. జలాశయం ఏ ఒక్కరి వల్లా చచ్చిపోదు. ఒక ఫాంహౌసు, ఒక ప్రహరీ, వాగుకు అడ్డంగా వేసిన ఒక లారీ మట్టి, వీటిలో ఏదీ విడిగా నీటిమట్టంలో కనిపించేంత తేడా తేదు. ప్రతి ఒక్కరూ నిజాయితీగానే ‘నాది లెక్కలోకి రాదు’ అనగలరు. అందరి మాటా నిజమైతే చెరువు ఎలా ఎండింది? విడివిడిగా సున్నాలైనవన్నీ కలిసి చెరువంత ఎలా అయ్యాయి? అవి సున్నాలు కావు. మన కంటికి ఆనని సంఖ్యలు, అంతే. కంటికి ఆనకపోవడాన్ని లేకపోవడంగా రాసుకోవడమే ఉక్కు సిద్ధాంతంలోని మోసం. (మట్టి దిబ్బలు పోసుకునే కుర్రాళ్లు కూడా ఆ మట్టి ఎక్కడి నుంచి తవ్వారో, వాన నీటి దారికి అడ్డం పోశారో లేదో చూసుకోవడం మంచిది. ఆ రెండు జలాశయాల ఎగువన పోసే ప్రతి దిబ్బకూ ఈ మాట వర్తిస్తుంది.) హద్దు గీసేవాడే దానివల్ల లాభపడేవాడు కూడా అయినప్పుడు, ఆ గీత ఎప్పుడూ అతని పనికి ఒక వేలెడు పైనే పడుతుంది. ఏడాది తర్వాత చూస్తే గీత ఇంకో వేలెడు పైకి జరిగి ఉంటుంది.

ఇంకా బలమైన అభ్యంతరం సైకిళ్ల లోకం నుంచే వస్తుంది. 1997లో జర్మనీలో ఈఎఫ్‌బీఈ అనే పరీక్షాశాల టూర్ పత్రిక కోసం పన్నెండు ఖరీదైన రేసు ఫ్రేములను యంత్రానికి బిగించి, పెడల్ తొక్కే బలాన్ని అనుకరిస్తూ లక్షల సార్లు వంచింది. సిద్ధాంతం ప్రకారం ఉక్కువి నిలబడాలి, అల్యూమినియంవి విరగాలి. జరిగింది వేరు. చివరిదాకా నిలిచిన మూడింటిలో రెండు అల్యూమినియంవి, ఒకటి కార్బన్‌ది. ఉక్కు ఫ్రేములు విరిగాయి. దీన్ని పట్టుకుని అలసట హద్దు కబుర్లన్నీ ఉత్తవే అన్నవాళ్లున్నారు. నాకు మాత్రం ఇదే ఈ వ్యవహారం మొత్తంలో అతి విలువైన సాక్ష్యం. అల్యూమినియంతో పనిచేసే ఇంజనీరుకు తన లోహం దేన్నీ మరచిపోదని తెలుసు. అందుకే గొట్టాన్ని లావు చేస్తాడు, అతుకు దగ్గర మందం పెంచుతాడు, ఒత్తిడి అసలు పెద్దగా పడకుండానే చూసుకుంటాడు. ఉక్కుతో పనిచేసేవాడికి హద్దు ఉందన్న ధీమా. ఆ ధీమాతో బరువు తగ్గించడానికి గొట్టం గోడను పల్చగా చేస్తూ, ఆ హద్దు అంచుదాకా వెళ్తాడు. హద్దు లేదని తెలిసిన లోహం ఎక్కువ కాలం నిలిచింది, హద్దు ఉందనుకున్నది ముందే విరిగింది. నిలబెట్టింది లోహం కాదు, లెక్క మీద ఉన్న ఎరుక. ఎంత చిన్నదైనా లెక్కలోకి వస్తుందని నమ్మినవాడు భయంతో బిగుసుకుపోవాల్సిన పని లేదు. తన బతుకులో కాస్త ఎడం, కాస్త మందం పెట్టుకుంటాడు. మాట ఇచ్చేముందు ఆలోచిస్తాడు, అప్పు చేసేముందు లెక్కేసుకుంటాడు.

పైగా ఆ హద్దు ఉక్కుకైనా నిజంగా ఉందా? కోటి సార్ల దగ్గర ఆగిపోయిన పాత పరీక్షలను, వేగంగా కంపించే యంత్రాలతో వంద కోట్లు దాటించి చూసిన ఫ్రెంచి శాస్త్రవేత్త క్లాడ్ బతియాస్, లోహాలకు అనంతమైన ఆయుష్షు లేదని 1999లో రాశాడు. ఉక్కు కూడా ఆ దూరంలో, పైకి కనిపించని లోపలి మలినం దగ్గర పగులు మొదలై విరుగుతోంది. తుప్పు పట్టిన ఉక్కుకైతే అంత దూరం కూడా వెళ్లక్కర్లేదు. తడి, ఉప్పు తగిలితే ఆ హద్దు మాయమవుతుందని ఎప్పటి నుంచో తెలిసిందే. అంటే హద్దు అన్నది మచ్చలేని, పొడిగా ఉన్న, నున్నగా సానబట్టిన ఉక్కు ముక్కకు పరీక్షాశాలలో వర్తించే మాట. తెలంగాణకు ఉక్కు మీద మమకారం కొత్త కాదు. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో మూసల్లో కాచిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చి కూర్చునేవారు. కారు చౌకగా అల్యూమినియం తయారుచేసే పద్ధతి దొరికింది 1886లోనే. పాత చుట్టం మీద నమ్మకం ఎక్కువుండటం సహజం. అయినా మచ్చలేని ఉక్కు ముక్కలాంటి మనిషి ఎక్కడా లేడు గనుక, పరీక్షాశాల హద్దును మన బతుకులకు తెచ్చుకోవడం కుదరదు.

అప్పుడు పాత ఎత్తిపొడుపు రానే వస్తుంది. అన్నిటికీ లెక్క ఉంటే ఊపిరి పీల్చడం ఎలా? అడుగు వేస్తే పురుగు చస్తుంది, వంట చేస్తే నిప్పులో ఏదో మాడుతుంది. ఈ సిద్ధాంతం మనిషిని మూలన కూర్చోబెడుతుంది కదా? జైనం మీద వైదికులు, బౌద్ధులు వేసిన ప్రశ్న ఇదే. దీనికి జవాబు జైనం లోపలే ఉంది, అదీ మన నేలకు దగ్గరగా ఉంది. అనంతపురం జిల్లా కొనకొండ్లకు చెందినవాడని సంప్రదాయం చెప్పే కుందకుందాచార్యులు సమయసారంలో ఒక దృశ్యం చూపిస్తారు. ఒళ్లంతా నూనె పూసుకున్న మనిషి ఒకడు దుమ్ము నేల మీద ఆయుధం పట్టి కసరత్తు చేస్తాడు, చెట్లు నరుకుతాడు. ఒళ్లంతా దుమ్ము కొట్టుకుపోతుంది. ఆ దుమ్ము దేనివల్ల అంటింది? కసరత్తు వల్ల కాదు, నూనె వల్ల. అదే మనిషి నూనె పూర్తిగా తుడిచేసుకుని అదే నేల మీద అదే కసరత్తు చేస్తే దుమ్ము అంటదు. నూనె అంటే రాగం. ఉమాస్వాతి కూడా ఈ తేడానే సూత్రంగా చెప్పాడు. కోపం, అహంకారం, కపటం, లోభం అనే కషాయాలతో చేసిన పని గట్టిగా పట్టుకుంటుంది. అవి లేకుండా చేసిన పని తాకిన వెంటనే రాలిపోతుంది. దిబ్బల మీద సైకిల్ తొక్కేవాడికి ఇది విడమరచి చెప్పక్కర్లేదు. చైనుకు నూనె ఎక్కువ పోసి ఎర్రమట్టిలో తిప్పితే సాయంత్రానికి పళ్ల మధ్య నల్లటి ముద్ద పేరుకుంటుంది. పోసిన నూనెను గుడ్డతో తుడిచి తొక్కినవాడి చైను మీద దుమ్ము నిలవదు.

అయితే దీంతో నా వాదన తారుమారైందా? హద్దు లేదన్నవాడిని ఇప్పుడు హద్దు ఉందని ఒప్పుకుంటున్నానా? కాదు. జైనులు గీసిన గీత పని పరిమాణం మీద కాదు, చేసేవాడి స్థితి మీద. చిన్న అబద్ధం చిన్నది కాబట్టి వదిలేయరు. రాగం లేనివాడి నడక మాత్రమే అంటదు, ఆ స్థితి మోక్షం ముంగిట నిలిచినవాడిది. మనలాంటివాళ్లకు ఆ మినహాయింపు వర్తించాలంటే ముందు ఒంటి మీద నూనె లేదని మనమే చూపించాలి. పెద్దషాపూర్ కర్మాగారం మీద పడిన భారం మన మీదా పడుతుంది. లోహం కూడా దీనికి అడ్డు చెప్పదు. పలకలో గుండ్రటి చిన్న రంధ్రం ఉంటే దాని అంచున ఒత్తిడి మూడింతలవుతుంది. పడిన బరువు అదే, కానీ అది నిలిచే చోటు మారింది. 1954లో కామెట్ విమానాలు రెండు ఆకాశంలోనే ముక్కలైనప్పుడు, ఇంగ్లండులో ఇంకో కామెట్‌ను నీళ్ల తొట్టిలో పెట్టి లోపల నీటి ఒత్తిడి ఎక్కించి దించి పరీక్షించారు. సముద్రంలోంచి తీసిన శకలాల్లో పగులు, విమానం పైకప్పుకు కోసిన కంత మూల దగ్గర రివెట్టు రంధ్రాల చోట మొదలైంది. కూలిన ఆ విమానం ఎగిరింది 1,300 సార్ల లోపే. పగులు ఎక్కడ మొదలవుతుందంటే ముందే గాటు ఉన్న చోట. చిన్నప్పటి నుంచి పోల్చి తిట్టించుకున్న పిల్లాడికి ఒక మామూలు ఎగతాళి ఎంత లోతుకు పోతుందో, అలాంటి గాటు లేనివాడికి తెలియదు. చిన్న దెబ్బ అన్న మాట కొట్టేవాడి కొలతే గాని పడ్డవాడి కొలత కాదు.

బౌద్ధులు ఈ చోట ఇంకో మెలిక పెడతారు, దాన్ని దాటవేయలేను. అంగుత్తర నికాయంలో బుద్ధుడు ఉప్పు గడ్డ గురించి చెప్పిన సుత్తం ఉంది. గిన్నెడు నీళ్లలో వేస్తే నీళ్లు తాగలేం, గంగలో వేస్తే తేడా తెలియదు. అలాగే అదే చిన్న పాపం శీలం పెంచుకోనివాడిని నరకానికి తీసుకుపోవచ్చు, మనసు విశాలమైనవాడికి ఈ జన్మలోనే కొంత బాధగా తీరిపోవచ్చు. అంటే గొప్పవాడికి హద్దు ఉందనే కదా? నేను అలా చదవను. గంగలో పడినా ఉప్పు ఉప్పుగానే ఉంటుంది, కరిగి పలచబడుతుంది. మాయం కాదు. గంగంత మనసున్నవాడు ఉప్పు వేయడానికి ఆ విశాలతను సాకుగా చూపిస్తే, ఆ క్షణానే అతని గంగ గిన్నె అవుతుంది. మన నాగార్జునుడు మూలమధ్యమక కారికల పదిహేడో అధ్యాయంలో, కర్మ అంటే చెరగని రుణపత్రం లాంటిదన్న ఇతరుల వాదాన్ని చెప్పి, చివరికి కర్మకూ కర్తకూ స్వభావమే లేదని తోసేస్తాడు. రుణపత్రం కథ నాకూ నచ్చదు. పత్రం దాచుకునేవాడు కావాలి, వసూలు చేసేవాడు కావాలి. అలసట కథకు అవేమీ అక్కర్లేదు. పని చేసినవాడిని ఆ పనే కొంచెం మార్చిపోతుంది. రెండో అబద్ధం మొదటిదాని కంటే తేలిగ్గా వస్తుంది. దీనికి ఏ లోకం నుంచీ సాక్ష్యం తేవక్కర్లేదు.

లోహంతో పోలిక చెల్లని చోటు ఒకటుంది. లోహానికి తగిలిన దెబ్బ నయం కాదు. అల్యూమినియం ఫ్రేమును వెల్డింగు చేశాక సుమారు 530 డిగ్రీల వేడిలో పెట్టి, చప్పున చల్లార్చి, మళ్లీ 170 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉంచితే పోయిన గట్టిదనం తిరిగొస్తుంది. పడిన పగులు మాత్రం పూడదు. మనిషి ఎముక విరిగితే అతుక్కుంటుంది, బరువు మోస్తే ఇంకా గట్టిపడుతుంది. మనసూ అంతే. జైనుల ప్రతిక్రమణం (తప్పు ఒప్పుకుని వెనక్కి మళ్లడం), నిర్జర (అంటిన కర్మను రాల్చడం) ఈ నమ్మకం మీదే నిలిచాయి; అంటింది రాలుతుంది, రాల్చవచ్చు. భగవద్గీత అయితే తను చెప్పే దారిలో కొద్దిపాటి ప్రయత్నం కూడా వృథా పోదంటుంది. చిలుకూరు గుడిలో కోరిక చెప్పుకోవడానికి పదకొండు ప్రదక్షిణలు, తీరాక 108. చేతిలో అంకెలు అచ్చువేసిన కాగితం, ప్రతి చుట్టుకూ ఒక టిక్కు. తప్పిపోతానేమోనని పెన్ను గట్టిగా పట్టుకుని, పెదాలు కదుపుతూ నడిచే జనం ఒక సంగతి ఒప్పుకుంటున్నట్టే: ఒక్కో చుట్టూ లెక్కలోకి వస్తుంది. మంచి చిన్నదైనా లెక్క ఉంటుందని నమ్మి, చెడు చిన్నదైతే లెక్క ఉండదనడం ఏ లెక్కల పుస్తకంలోనూ కుదరదు. హుండీ పెట్టని ఆ గుడిలో డబ్బుతో చుట్లు తగ్గించుకునే వీలు లేకపోవడం కూడా నాకు సబబుగానే తోస్తుంది.

ఇంతకీ ఏ ఫ్రేము కొనాలి? కనకమామిడి మట్టి మీద తొక్కేవాడికి నేను ఉక్కే చెబుతాను, కానీ హద్దు ఉందన్న నమ్మకంతో కాదు. ఉక్కు విరిగేముందు చాలాసార్లు చెబుతుంది. హెడ్ ట్యూబుకు డౌన్ ట్యూబు అతికే చోట, అడుగు భాగాన, మట్టి తుడిచి గోరుతో నిమిరితే వెంట్రుకంత గీత తగులుతుంది. రంగు పగిలి దానిలోంచి తుప్పు రంగు దారం బయటికి వస్తుంది. గట్టి దెబ్బ తగిలితే గొట్టం ఉబ్బుతుంది, వంగుతుంది, చక్రాలు ఒక వరసలో ఉండవు. ఆర్గాన్ వెల్డింగు తెలిసిన మంచి పనివాడు దొరికితే బాగవుతుంది. అల్లాయ్‌లో పగులు మొదలయ్యాక సాధారణంగా వ్యవధి తక్కువ, వెల్డింగు చేశాక పైన చెప్పిన వేడి పని చేసే కొలిమి చిన్న షాపుల్లో ఉండదు. కామెన్సాల్ అబ్సొల్యూట్ లాంటి అల్యూమినియం ఫ్రేముల మీద ప్రపంచమంతా ఎగురుతున్నారు, అవి చెడ్డవి కావు. నెలకోసారి గుడ్డ పట్టుకుని చూసుకునేవాడికీ, కాలం తీరాక ఫ్రేమును పక్కన పెట్టగల స్తోమత ఉన్నవాడికీ అది బాగానే నప్పుతుంది. మిగతావాళ్లు ఉక్కు కొనుక్కొని, దాన్ని అల్యూమినియం అనుకొని తొక్కితే సరిపోతుంది. దిబ్బ మీద సరిగ్గా దిగని ప్రతిసారీ ఎక్కడో రాసి ఉందనుకోవాలి.

సెకండ్ హ్యాండ్ ఫ్రేము దగ్గర ఈ ప్రశ్న ఇంకా సూటిగా నిలబడుతుంది. జైనం ప్రకారం ఒకడి కర్మ ఇంకొకడికి బదిలీ కాదు. లోహం విషయంలో అవుతుంది. హైదరాబాదులో మూడేళ్లు దిబ్బలెక్కించి విసిగిన కుర్రాడు, చేవెళ్ల వైపు కుర్రాడికి అల్లాయ్ ఫ్రేము సగం ధరకు అమ్మితే, ఆ మూడేళ్ల దెబ్బలూ కొన్నవాడి మెడకు చుట్టుకుంటాయి. అమ్మినవాడు అబద్ధమేమీ ఆడి ఉండకపోవచ్చు, ‘కండిషన్ బాగుంది’ అన్నది కంటికి కనిపించినంత వరకు నిజమే కావచ్చు. కానీ తనకు తెలిసిన దెబ్బలు దాచినప్పుడు, తన లెక్కను ఇంకొకడి పేర రాసినట్టే. ఎన్నేళ్లు తొక్కాడో, ఎన్నిసార్లు గట్టిగా పడ్డాడో చెప్పడం అమ్మేవాడి బాధ్యత, కొనేవాడు అడిగినా అడక్కపోయినా. కొనేవాడు తప్పక అడగాల్సింది ఒకటుంది: రంగు మళ్లీ వేయించి ఉంటే ఎందుకు వేయించారని. జవాబు తడబడితే, ఉక్కు ఫ్రేమైతే అతుకుల దగ్గర రంగు గీకి చూసుకుని బేరం ఆడొచ్చు. అల్లాయ్‌దైతే ధర ఎంత తగ్గించినా వదిలేసి రావాలి.